సరిపోలని వేలిముద్ర

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అల్లుడి సంచి మంచం మీద పెట్టి సర్దడం మొదలుపెట్టాను. మందపాటి మేజోళ్ళు నాలుగు జతలు, రెండు స్వెటర్లు, మోకాళ్ళకి బిగించుకునే పట్టీలు, దగ్గుమందు సీసా. సీసా కారితే బట్టలన్నీ పాడవుతాయని దాన్ని ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టాను. అంతా అయ్యాక మొత్తం బయటికి తీసి మళ్ళీ సర్దాను. ఇంట్లోంచి ఎవరైనా ప్రయాణమవుతున్నారంటే నా చేతులు అలాగే చేస్తాయి. ఏదో మరిచిపోయాననీ, ఆ మరిచిపోయినదాని వల్లే ఏదో జరుగుతుందనీ అనిపిస్తూ ఉంటుంది.

"అమ్మా, ఇంకోసారి తీశావంటే ఆ జిప్పు ఊడి చేతికొస్తుంది" అంది పెద్దమ్మాయి.

"తియ్యనివ్వవోయ్. అత్తయ్య లెక్కపెట్టకపోతే అక్కడ నా మేజోళ్ళు నాకే కనపడవు" అన్నాడు అల్లుడు, గుమ్మంలో కూర్చుని బూట్లకి లేసులు ఎక్కించుకుంటూ.

అల్లుడు కొండ కింద సొరంగం తవ్వేచోట గాలి పరీక్షించే ఉద్యోగి. మూడు వారాలు అక్కడ, ఒక వారం ఇంట్లో. లోపల రాయిని పేల్చిన తర్వాత వాసన లేని విషవాయువు మిగిలిపోతుంది. పెద్ద పంకాలు పెట్టి దాన్ని బయటికి లాగేస్తారు గానీ, ఏ మూలో కొంచెం నక్కి ఉంటుంది. అందుకని లోపలికి వెళ్ళే ప్రతి మనిషి నడుముకీ అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి ఉంటుంది. గాలి చెడితే అది కీచుమని అరుస్తుంది. ఆ డబ్బాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి మనుషుల్ని లోపలికి పంపడం అల్లుడి పని. "మా ఆయనది గాలి ఉద్యోగం" అని పెద్దమ్మాయి తన పోస్టాఫీసు కౌంటర్లో అందరికీ చెప్పి నవ్వుతుంది.

ఆ డబ్బాల లోపల నడిచే ప్రోగ్రాం రాసే కంపెనీలో పనిచేస్తుంది మా చిన్నమ్మాయి. అక్కడ ఖాళీ ఉందని తెలుసుకొచ్చి దరఖాస్తు పెట్టించింది బావే. వారంలో నాలుగు రోజులు ఇంట్లోనే, మా భోజనాల బల్ల మీదే దాని ఆఫీసు. అందుకే ఈ సంగతంతా నేను దగ్గరుండి చూశాను. అర్థం కానిది అడిగాను. అది విసుక్కుంటూనే చెప్పేది. బడికి వెళ్ళి చదివినదాన్ని కాను. పిల్లల పుస్తకాలు ముందేసుకుని నాకు నేను నేర్చుకున్న చదువు. కాబట్టి నేను రాసేదాంట్లో పొరపాట్లుంటే అవి నావి, పిల్లవి కావు.

నెల కిందట అల్లుడు ఒక లోపం పట్టుకున్నాడు. రాత్రి ఛార్జింగు స్టాండు మీద ఆరిన డబ్బా నాలుగు గంటల వరకూ నిజం చెబుతోంది. ఆ తర్వాత సొరంగంలోని తేమ లోపలికెక్కి, ఉన్న విషం కన్నా తక్కువ చూపిస్తోంది. అంటే అరవాల్సినప్పుడు అరవదు. ఆ రోజు నుంచి అతను ఒక పద్ధతి పెట్టాడు. నాలుగు గంటలు నిండకుండానే ఆరిన డబ్బాలు సంచిలో వేసుకుని తనే రెండు కిలోమీటర్లు లోపలికి నడిచి, అందరి నడుములకీ డబ్బాలు మార్చి, తడిసినవి తీసుకుని వెనక్కి రావడం. పగలు రెండు షిఫ్టులకీ తనే. ఆ మాట పెద్దమ్మాయి చెప్పగానే నాకు నిద్ర పట్టడం మానేసింది. అంతకుముందు అతను సొరంగం మూతి దగ్గర గదిలో కూర్చునేవాడు. ఇప్పుడు రోజూ లోపలికి వెళ్ళి వస్తున్నాడు.

ఆ లోపాన్ని సరిచేసే కొత్త ప్రోగ్రాం చిన్నమ్మాయి వాళ్ళు తయారుచేస్తున్నారు. అది డబ్బాల్లోకి ఎక్కితే ఇక మార్పిడి అక్కర్లేదు. అల్లుడు మళ్ళీ తన గదిలో కూర్చోవచ్చు. నాకు కావలసింది అంతే.

"మరదలా, ఆ ఫైలేదో నా సంచిలో పడెయ్యి. అత్తయ్య ఎలాగూ మూడుసార్లు లెక్కపెడతారు, పోదు" అన్నాడు అల్లుడు.

ఇదివరకు అలాగే జరిగేది. కొత్త ప్రోగ్రాం వచ్చినప్పుడల్లా ఒక చిన్న డిస్కులో వేసి అతనికే ఇచ్చి పంపేవారు. కానీ ఎవరో తెచ్చిన డిస్కు వల్ల అక్కడి కంప్యూటర్లకి వైరస్ పట్టి రెండు రోజులు పని ఆగిపోయింది. అప్పటి నుంచీ చేత్తో తెచ్చినవి ఏవీ లోపలికి రానివ్వడం లేదు.

"పడెయ్యడానికి ఇంకా తయారవలేదు బావా. పరీక్షలు నడుస్తున్నాయి. రేపు సాయంత్రానికి అదే వచ్చేస్తుంది, నువ్వు మొయ్యక్కర్లేదు."

"అదే ఎలా వస్తుంది? కాళ్ళు మొలిపించారా?"

"పైప్‌లైను వేశాను. నువ్వు సొరంగం తవ్వుతున్నావు కదా, నేనూ ఒకటి తవ్వాను."

"నీ సొరంగంలో గాలి ఎవరు చూస్తారు?"

"నేనే చూసుకుంటాలే. ముందు నువ్వు బస్సెక్కు" అంది చిన్నమ్మాయి నవ్వుతూ.

అతను బస్సెక్కాడు. వీధి మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గరే ఉన్నాను.

ఆ పైప్‌లైను సంగతి నాకు తెలిసినంతలో చెబుతాను. ఆఫీసులో ఎవరైనా ప్రోగ్రాంలో మార్పు చేసి భద్రపరచగానే, ఒక యంత్రం దానంతట అదే మేలుకుంటుంది. రాసినదాన్ని డబ్బాకి అర్థమయ్యే రూపంలోకి మారుస్తుంది, పరీక్షలు పెడుతుంది, నెగ్గితే సీలు వేస్తుంది. ఇదంతా ముందునుంచీ ఉంది. చిన్నమ్మాయికి అప్పజెప్పింది చివరి మెట్టు. సీలు పడిన ఫైలుని మనిషి చెయ్యి తగలకుండా, దారిలో ఎవరూ తెరవకుండా, సొరంగం ఆఫీసులో ఉన్న సర్వర్ దాకా చేర్చడం. అక్కడికి చేరితే చాలు. రాత్రి డబ్బాల్ని ఛార్జింగు స్టాండు మీద పెట్టినప్పుడు, స్టాండు ఆ సర్వర్‌ని అడిగి కొత్తది ఉంటే డబ్బాల్లోకి ఎక్కించుకుంటుంది.

అలా పంపడానికి రెండు నమ్మకాలు కావాలట. వచ్చినది మా యంత్రమేనని వాళ్ళు నమ్మాలి. దానికి ఒక తాళంచెవి చేసి, మన సగం పైప్‌లైనులో ఎవరికీ కనపడని అరలో దాచింది, వాళ్ళ సగం వాళ్ళకి పంపింది. అలాగే, తలుపు తీసినది వాళ్ళ సర్వరేనని మన యంత్రం కూడా నమ్మాలి. దానికి ప్రతి సర్వర్‌కీ ఒక వేలిముద్ర ఉంటుంది. నలభైకి పైగా అక్షరాలు, అంకెలు, ఒకదానికొకటి పొంతన ఉండదు. మొదటిసారి కలిసే ముందు ఆ ముద్రని అక్కడి మనిషి తన తెర మీద చూసి ఫోన్లో చదవాలి, ఇక్కడి మనిషి రాసుకోవాలి. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా, తలుపు తీసినవాడి ముద్ర ఆ కాగితంతో సరిపోతేనే మన యంత్రం ఫైలు చేతిలో పెడుతుంది.

సొరంగం ఆఫీసులో సర్వర్ గది చూసే ఆయన ఫోన్లో చదువుతుంటే, చిన్నమ్మాయి రాసుకుంటుంటే, నేను పక్కన కూర్చుని ఒక్కో అక్షరం మీద పెన్సిల్‌తో చుక్క పెట్టాను. అర్థం లేని అక్షరాలు కదా, చదవడం వస్తే చాలు. ఆ పని నాకు నచ్చింది.

అయితే పరీక్షల వారంలో ఆ ముద్ర మూడుసార్లు మారింది. వాళ్ళు కొత్త సర్వర్ తెచ్చుకున్నారు, పాతదాని మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా దాని మీదికి మారుస్తున్నారు. ఏదో కుదరక చెరిపి మళ్ళీ మొదటినుంచి ఎక్కించిన ప్రతిసారీ కొత్త ముద్ర. ప్రతిసారీ ఇక్కడ తెర మీద ఎర్రగా 'ముద్ర సరిపోలేదు' అని వచ్చేది. చిన్నమ్మాయి గుండె పట్టుకుని ఫోన్ చేసేది. ఆయన ఆవలిస్తూ, "అయ్యో, నేనే మళ్ళీ ఎక్కించానమ్మా, చెప్పడం మర్చిపోయా, రాసుకో" అనేవాడు. మూడోసారికి మా చిన్నది ఫోన్ పెట్టేసి, "ఈయన చొక్కాలు మార్చినట్టు మారుస్తున్నాడు" అంది.

సోమవారం సాయంత్రం నాలుగూ ముప్పావుకి పరీక్షలన్నీ నెగ్గి ఫైలుకి సీలు పడింది. నేను కూర తరుగుతున్నాను. చిన్నమ్మాయి తెర వైపు చూస్తూ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వరసగా పచ్చ టిక్కులు పడుతూ వచ్చాయి. చివరి మెట్టు దగ్గర ఎర్రగా అయింది.

"ఏమిటే?"

"ముద్ర సరిపోలేదు. మళ్ళీ ఎక్కించి చచ్చాడు."

ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేసింది. నాలుగోసారి ఎవరో ఎత్తి, ఆయన నాలుగున్నర బస్సుకి వెళ్ళిపోయాడనీ, సర్వర్ గది తాళం ఆయన దగ్గరే ఉందనీ, రేపు తొమ్మిదికి వస్తాడనీ చెప్పి పెట్టేశారు. బస్సులో ఉన్న ఆయన సొంత ఫోను పలకలేదు.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. "అంటే ఫైలు వెళ్ళదా?"

"ఆగమ్మా."

ఇంతలో దాని ఫోను మోగింది. దాని పై అధికారి. రోజుకి పదిసార్లు టైము అడుగుతాడని వీళ్ళంతా ఆయన్ని గడియారం అంటారు. గొంతు గది అంతా వినపడుతోంది.

"ఎంతవరకు వచ్చింది?"

"సార్, ముద్ర సరిపోవడం లేదు. అక్కడ మనిషి లేడు. రేపు పొద్దున కనుక్కుని..."

"రేపు పొద్దున ఏమిటి? ఐదున్నరకి డబ్బాలు స్టాండు మీదికి వెళ్తాయి. మంగళవారం షిఫ్టుకి కొత్తది ఉంటుందని వాళ్ళకి కాగితం మీద రాసిచ్చాం. ఇప్పుడు టైమెంతైంది?"

"ఐదు కావస్తోంది సార్."

"ఆ ఎరుపు పోవాలి. ఎలా పోగొడతావో నాకు చెప్పకు. పోయాక చెప్పు."

ఫోన్ పెట్టేసి అది గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ అంతే, తేల్చుకోలేనప్పుడు గోళ్ళ మీద పడుతుంది.

"వేరే దారి లేదా?" అన్నాను.

"ఉంది. ముద్ర చూడొద్దని ఒక లైను రాస్తే చూడకుండా పంపేస్తుంది. తలుపు ఎవరు తీసినా సరే ఇచ్చెయ్యి అని. అలా చెయ్యకూడదు."

"ఎందుకు?"

"తీసినవాడు వాళ్ళు కాకపోతే?"

"ఇంకెవరుంటారే అక్కడ? మూడుసార్లూ ఆయనే కదా మార్చింది."

"ఆయనే అయ్యుంటాడు."

నేను కత్తి కింద పెట్టాను. ఇక్కడ నేను అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయాలి. "మరి ఇంకేమిటి? ఫైలు వెళ్ళడం ముఖ్యమా, ఆ ముద్ర ముఖ్యమా? రేపు మీ బావ మళ్ళీ ఆ సంచి భుజాన వేసుకుని లోపలికి నడవాలా? వాళ్ళకి రాసిచ్చారట కదా. కానీ. పంపించు." అది నా వైపు చూసింది. దాని మొహంలో నాకు కనపడింది భయం కాదు, తేలిక. ఎవరో ఒకరు చెప్పాలని చూస్తోంది. నేను చెప్పాను.

ఒక్క లైను. అర నిమిషం కూడా పట్టలేదు. మళ్ళీ మొదటినుంచి పచ్చ టిక్కులు పడ్డాయి, చివరిదీ పడింది. చిన్నమ్మాయి అంతటితో ఊరుకోలేదు. పంపిన ఫైలుని అక్కడి నుంచి వెనక్కి తెప్పించుకుని, తన దగ్గర ఉన్నదానితో పోల్చింది. చుక్క తేడా లేకుండా సరిపోయింది.

"అమ్మయ్య" అన్నాం ఇద్దరం ఒకేసారి. అదీ నేనూ నవ్వుకున్నాం కూడా.

బావకి ఫోన్ చేసింది. నాకు వినపడాలని స్పీకర్ పెట్టింది.

"వచ్చేసింది బావా. కాళ్ళు మొలిచాయి."

"నిజమేనా? రేపటి నుంచి మార్పిడి ఆపెయ్యనా?"

"ఆపెయ్యి. స్టాండు ఒకసారి చూసుకో. కొత్తది ఎక్కించుకోవాల్సి ఉంటే పసుపుగా ఉంటుంది, అంతా అయిపోతే పచ్చగా."

"సరే. అత్తయ్యా, ఉన్నారా? మేజోళ్ళు మూడు జతలే కనపడుతున్నాయి."

"నాలుగు పెట్టాను బాబూ! సరిగ్గా చూడండి, పక్క జేబులో!" అని నేను కంగారు పడిపోయాను.

"ఉన్నాయి ఉన్నాయి. మీ గొంతు వినాలని" అని పకపక నవ్వాడు.

మంగళవారం ఆరుగంటలకి మొదటి షిఫ్టు లోపలికి వెళ్తుందని నాకు తెలుసు. ఆరుగంటలకి లేచే ఉన్నాను. ఆ పూట నాకు కొంచెం కుదురుగా ఉంది. అల్లుడు తన గదిలో కూర్చుని ఉంటాడు, బల్ల మీద టీ ఉంటుంది అనుకున్నాను. పెద్దమ్మాయి పోస్టాఫీసుకి వెళ్ళింది. నేను మేడ మీద దుప్పట్లు ఆరేసి దిగేసరికి పదింబావు అయింది.

చిన్నమ్మాయి తెర ముందు నిలబడి ఉంది. కూర్చుని చేసే పని నిలబడి చేస్తోంది.

"ఏమైందే?"

తెర మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోతోంది. ప్రతిరోజూ పదిగంటలకి సొరంగం ఆఫీసు నుంచి ఒక జాబితా వస్తుందట, ఏ డబ్బాలో ఏ నంబరు ప్రోగ్రాం ఉందో. వరసగా అన్నిటి ఎదురుగా ఒకే నంబరు ఉంది.

"ఇది పాత నంబరమ్మా" అంది. "అన్నీ పాతవే. ఒక్కదాంట్లోకి కూడా ఎక్కలేదు."

"మరి నిన్న పచ్చ టిక్కు పడిందిగా..."

సర్వర్ గదికి ఫోన్ చేసింది. ఈసారి ఆయన ఎత్తాడు. అది అడిగినదానికి ఆయన వెళ్ళి చూసి వచ్చి చెప్పిన జవాబు నేను స్పీకర్లో విన్నాను. నిన్న మధ్యాహ్నం అక్కడ కరెంటు పోయి వచ్చిందట. పాత సర్వర్‌ని గది మూలకి జరిపారు గానీ ప్లగ్గు తియ్యలేదు. కరెంటు రాగానే అది కొత్తదానికన్నా ముందు లేచి కొత్తదానికి ఇచ్చేసిన తన పాత చిరునామాని మళ్ళీ తనే పట్టుకుంది. ఆ చిరునామాకి ఏది పంపినా దానికే చేరుతుంది. పరీక్షల మొదట్లో దాని మీదే పనిచేశారు కాబట్టి మన తాళంచెవిలో వాళ్ళకి పంపిన సగం దానిలోనూ ఉంది. తలుపు తీసింది. ఫైలు తీసుకుంది. అడిగితే వెనక్కి కూడా ఇచ్చింది. స్టాండు అడిగేది కొత్త సర్వర్‌ని, వేరే తీగ మీద. కొత్త సర్వర్ దగ్గర కొత్తదేమీ లేదు కాబట్టి స్టాండు రాత్రంతా పచ్చగానే ఉంది.

"ముద్ర సరిపోలేదని నీకు రాలేదా అమ్మా?" అన్నాడాయన. "రావాలే."

చిన్నమ్మాయి, "సార్, లోపలున్న వాళ్ళని బయటికి రప్పించండి, ఇప్పుడే, ఇప్పుడే, మీరు ఎవరికి చెబుతారో చెప్పండి" అని అరవడం మొదలుపెట్టింది. అటువైపు ఆయన, "నేను సర్వర్లు చూసేవాణ్ణమ్మా, ఉండు, పెద్దాయన మీటింగులో..." అంటున్నాడు.

నేను నా ఫోను తీశాను. కంగారులో రెండుసార్లు తప్పు నంబరు పోయింది. మూడోసారి అల్లుడు ఎత్తాడు.

"ఏంటి అత్తయ్యా, ఈ టైములో?"

"బాబూ, మీరు ఎక్కడున్నారు?"

"గదిలోనే. టీ తాగుతున్నా."

నా ప్రాణం లేచొచ్చింది. అతను బయట ఉన్నాడు. ఆ ఒక్క క్షణం నాకు ఇంకేదీ గుర్తు రాలేదు. ఆ క్షణంలో నేను ఫోన్ పెట్టేసి ఉండొచ్చు కూడా.

"ఫైలు డబ్బాల్లోకి ఎక్కలేదట బాబూ. అన్నీ పాతవేనట. చిన్నది ఇప్పుడే చూసింది."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. తర్వాత అతని గొంతులో నవ్వు లేదు.

"ఒక్కటీ ఎక్కలేదా?"

"ఒక్కటీ ఎక్కలేదు."

"లోపల ఎనిమిదిమంది ఉన్నారు అత్తయ్యా. ఆరింటికి వెళ్ళారు. తొమ్మిదిన్నరకి రాయి పేల్చారు." తనలో తను లెక్క వేసుకుంటున్నట్టు చెప్పాడు. "నాలుగు గంటలు దాటి ఇరవై నిమిషాలు."

"లోపలికి ఫోన్ ఉంటుందిగా, చెయ్యండి."

"చేస్తున్నా." ఇంకో ఫోను తిప్పుతున్న చప్పుడు, అది దూరంగా మోగుతున్న చప్పుడు నాకు వినపడుతోంది. "డ్రిల్లు నడుస్తోంది. అది నడుస్తుంటే లోపల ఏదీ వినపడదు. వెళ్ళి భుజం తట్టాల్సిందే."

"ఇంకెవరినైనా పంపండి."

"ఎవరున్నారు? గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, ఆయనకి డెబ్బై ఏళ్ళు."

"బాబూ, వద్దు. మీరు వద్దు."

"గాలి సిలిండరు ఉంది, మాస్కు ఉంది. ఆరిన డబ్బా నా దగ్గర ఉంది, అది నిజమే చెబుతుంది. భయపడకండి. పెద్దదానికి ఇప్పుడేమీ చెప్పకండి, కౌంటర్లో ఉంటుంది, ఊరికే హడలిపోతుంది. బయటికి రాగానే నేనే చేస్తాను. చిన్నదాన్ని ఏమీ అనొద్దు, విన్నారా?"

"విన్నాను."

"ఉంటానత్తయ్యా."

నేను ఫోను చెవికి అలాగే పెట్టుకుని ఉండిపోయాను. అప్పుడు టైము పది గంటల ఇరవై నాలుగు నిమిషాలు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది.

రెండు కిలోమీటర్లు నడవడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. మా ఇంటి నుంచి పోస్టాఫీసు రెండు కిలోమీటర్లు. పెద్దమ్మాయి అరగంటలో వెళ్తుంది. పరుగెత్తితే పావుగంట. తిరిగి రావడానికి ఇంకో అరగంట. ఆ లెక్కన పదకొండుంబావుకల్లా ఫోను రావాలి.

చిన్నమ్మాయి సొరంగం ఆఫీసు పెద్దాయన్ని ఫోన్లో పట్టుకుంది, సైరను వెయ్యమంది, వేశారు. సైరను బయట మోగుతుంది. లోపల రెండు కిలోమీటర్ల అవతల డ్రిల్లు పక్కన ఎవరికి వినపడుతుంది? ఆ తర్వాత అది ఇంకేం చెయ్యాలో తెలియక మళ్ళీ తెర ముందు కూర్చుంది. పాత సర్వర్ ప్లగ్గు తీయించింది. తను రాసిన ఆ ఒక్క లైను తీసేసింది. కాగితం మీద తను రాసి నేను చుక్కలు పెట్టిన ముద్ర సరిపోయింది. ఫైలు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది. పచ్చ టిక్కు పడింది. ఆ పచ్చరంగు చూసి అది బల్ల మీద తల వాల్చేసి, వీపు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. నేను దాని వీపు మీద చెయ్యి వేశాను. ఏమీ అనొద్దని అతను చెప్పాడు. అనడానికి నా దగ్గర ఏముంది? పంపించు అన్నది నేనే.

పదకొండుంబావు అయింది. ఫోను రాలేదు.

పదకొండున్నరకి మోగింది. పెద్దమ్మాయి. "అమ్మా, ఆయన ఫోన్ ఎత్తడం లేదేమిటి? టీ టైములో ఎప్పుడూ ఎత్తుతాడు."

"పనిలో ఉంటాడులే" అన్నాను.

"నీ గొంతేమిటి అలా ఉంది?"

"దుప్పట్లు ఆరేసి దిగాను. ఆయాసం."

"మెల్లిగా దిగచ్చుగా. కాలు జారితే ఎవరు చూస్తారు నిన్ను" అని మందలించి పెట్టేసింది. అది ఆ రోజు నాతో మామూలుగా మాట్లాడిన చివరి మాట.

పన్నెండూ పదికి సర్వర్ గది ఆయన ఫోన్ చేశాడు. చిన్నమ్మాయి ఎత్తలేకపోయింది, నేనే ఎత్తాను. "చెప్పండి బాబూ, నేను అతని అత్తగార్ని" అన్నాను. అప్పుడు చెప్పాడు.

ఎనిమిదిమందీ బయటికి వచ్చారు. ఏడుగురు తూలుతూ నడిచి వచ్చారు. వాళ్ళందరి నడుములకీ ఉన్న డబ్బాలు చివరిదాకా నోరు మెదపలేదు. మా అల్లుడి నడుముకి ఉన్నది మాత్రం మధ్య దారిలోనే అరవడం మొదలుపెట్టిందనీ, డ్రిల్లు ఆగగానే ఆ అరుపు దూరం నుంచి తమవైపు వస్తుంటే విన్నామనీ వాళ్ళు చెప్పారట. అంటే ఎక్కడి నుంచి గాలి చెడిందో అతనికి తెలుసు. తెలిసీ నడిచాడు. డ్రిల్లు నడిపే మనిషి అప్పటికే పడిపోయి ఉన్నాడు. అల్లుడు తన మాస్కు తీసి అతని మొహానికి కట్టి, సిలిండరు అతని మెడలో వేసి, ఇద్దరి చేత మోయించి పంపాడు. వెనకే వస్తానన్నాడట.

డ్రిల్లు మనిషి బతికాడు. ఎనిమిదిమందీ బతికారు.

మా పెద్దమ్మాయి భర్త, నా అల్లుడు, సొరంగంలోంచి తిరిగి రాలేదు. పద్దెనిమిదో తారీఖు, మంగళవారం. పదకొండు గంటలకి అటూ ఇటూగా అని డాక్టరు ఇచ్చిన కాగితంలో రాశారు.